లాకౌటు మీట పూర్వోత్తరములు

సైకిలు చరిత్రను వ్రాసినవారు చక్రమును గూర్చియు, గొలుసును గూర్చియు, గాలి టైరును గూర్చియు విస్తారముగ వ్రాసిరి గాని, నడుపువాని చేతికిని యంత్రమునకును నడుమ నుండు మీటలను గూర్చి శ్రద్ధగా విచారించినవారు అరుదు. ఏ మీట ఎక్కడ నుండవలెను, దానిని త్రిప్పుటకు చేయి హ్యాండిలును విడువవలెనా వద్దా యను ప్రశ్న చూచుటకు చిన్నదేకాని, నూటయిరువదియేండ్లకు పైబడి సైకిలు నిర్మాతలకు అది తెగని చిక్కుగనే యున్నది. కొండదారులలో నడచు మౌంటెన్ సైకిలు ముందు ఫోర్కు ఊగుడును ఆపుటకు అమర్చు లాకౌటు మీట ఆ చిక్కునకు మంచి నిదర్శనము. అది మొదట ఫోర్కు తలమీద పుట్టెను; పిమ్మట తీగవెంట హ్యాండిలుమీదికి ప్రాకెను; నేడు అనేకుల సైకిళ్లపై మరల మొదటిచోటికే దిగివచ్చుచున్నది. ఈ దిగివచ్చుటను కొందరు వెనుకడుగుగా భావింతురు. ఆ మీట నడచిన దారిని మొదటినుండి పరికించినవారికి అట్లు తోచదు.

ఈ కథకు ఆధారమైన తీగను కనిపెట్టినవాడు ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్. 1896లో ఆయన దానికి పేటెంటు పొందెను. రాలీ సైకిలు కంపెనీ స్థాపకుడైన ఫ్రాంక్ బౌడెన్‌కును ఈయనకును ఇంటిపేరొక్కటే యగుటచేత, తీగను కనిపెట్టిన కీర్తి పెక్కువ్రాతలలో ఫ్రాంక్ బౌడెన్‌కు దక్కినది. న్యాయముగ దానిని అసలువానికి ఒప్పగింపవలసియున్నది. అంతకుముందు హ్యాండిలునుండి బ్రేకును పనిచేయించుటకు ఇనుపకడ్డీలే శరణ్యము. పాలక్యానులను, ధాన్యపు బస్తాలను మోసికొని మన తెలుగు గ్రామములలో తిరిగిన నల్లని పెద్ద సైకిళ్లకు ఇరువదవ శతాబ్దము పొడుగునను ఆ కడ్డీబ్రేకులే యుండుట పాఠకులు ఎరిగినదే. కడ్డీ మొండిది, తెగదు, తుప్పుపట్టినను పనిచేయును, కమ్మరి సయితము దానిని సరిచేయగలడు. అయితే అది తిన్ననిదారి తప్ప ఎరుగదు, ప్రతి మలుపునకు ఒక కీలు కోరును. బౌడెన్ తీగ లోపల సాగని ఉక్కుతీగయు, వెలుపల ఒత్తిడికి క్రుంగని చుట్టతీగ తొడుగును గలది. లోపలి తీగను ఎంత బలముతో లాగుదుమో వెలుపలి తొడుగు అంత బలముతో ఎదురొత్తును గావున, దారి ఎన్ని వంపులు తిరిగినను లాగుడు కొననుండి కొనకు చేరును. చేతికి దూరముననున్న దేనినైనను చేతిక్రిందికి తెచ్చు సాధనము ఇట్లు లోకమునకు లభించెను.

సాధనము లభించినంతమాత్రమున అందరును దానిని వెంటనే సర్వత్ర వాడిరనుకొనరాదు. గేర్ల చరిత్రయే ఇందుకు సాక్ష్యము. ఇటలీలో తుల్లియో కాంపగ్నోలో నిర్మించిన ‘కాంబియో కోర్సా’ గేరును మార్చుటకు పందెగాడు నడుచు సైకిలుపైననే వెనుకకు వంగి, సీటుక్రింద కడ్డీకి బిగించిన మీటతో వెనుకచక్రపు బిగింపును వదులుచేసి, పెడలును వెనుకకు త్రొక్కుచు, రెండవ మీటతో గొలుసును ఒక పండ్లచక్రమునుండి మరియొకదానికి త్రోసి, మరల చక్రమును బిగింపవలసియుండెను. ఇంతపనియు ఆల్ప్స్ కనుమలలో, పోటీదారు ప్రక్కననుండగా, ఒంటిచేతితో జరుగవలెను. జీనో బార్తాలి 1948లో టూర్ ద ఫ్రాన్సును గెలిచినది అట్టి గేరుతోనే యనిన, ఆనాటి పందెగాండ్ర హస్తకౌశలము ఎట్టిదో ఊహింపవచ్చును. తీగతో పనిచేయు గేర్లు తరువాత అంతట వ్యాపించినను, వాని మీటలు చాలకాలము ఫ్రేము క్రిందిగొట్టముమీదనే యుండెను. 1990లో షిమానో కంపెనీ బ్రేకుమీటలోనే గేరుమీటను ఇమిడ్చిన పిదపగాని రోడ్డుపందెగాని చేయి హ్యాండిలుమీద స్థిరపడలేదు.

కొండదారివారికి అంతటి ఓపిక లేకపోయెను, ఉండుటకు వీలును లేదు. రాళ్లలో, గుంతలలో, దిగుడులో హ్యాండిలును ఒక్క క్షణము విడిచినను మనిషి నేలపాలగును. కాలిఫోర్నియా రాష్ట్రమున 1974 డిసెంబరులో మిల్‌వేలీ పట్టణమున జరిగిన ఒక సైక్లోక్రాస్ పందెమునకు కుపర్టీనోనుండి వచ్చిన కొందరు యువకులు, లావుటైర్ల పాతసైకిళ్లకు గేర్లుబిగించి, ఆ గేరుమీటలను హ్యాండిలుమీద బొటనవ్రేలికి అందునట్లు అమర్చుకొనివచ్చిరి. మరిన్‌కౌంటీలోని టమల్పాయిస్ కొండచుట్టుప్రక్కల పాతసైకిళ్లపై దిగుచుండిన బృందము దానిని చూచి గ్రహించెను. ఆ బృందములోని గ్యారీ ఫిషరు, జో బ్రీజు, చార్లీ కెల్లీ మొదలగువారు 1976 అక్టోబరు 21న ఫేర్‌ఫాక్స్ పట్టణ సమీపమున ‘రీప్యాక్’ అను పందెమును ఆరంభించిరి. సుమారు 2 మైళ్ల దూరములో 1,300 అడుగుల దిగుడు. ఒక్కసారి దిగునప్పటికి వెనుకహబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజు పొగయై పోయెడిది, మరల దిగవలెనన్న క్రొత్తగ్రీజు కూరవలసినదే. ఫిషరు 4 నిమిషముల 22 సెకండ్లలో ఆ దారి దిగెను. ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఇట్టి దిగుడులో మోటారుసైకిలు బ్రేకుమీటలను, బొటనవ్రేలి గేరుమీటలను హ్యాండిలునకు బిగించుకొనుట వారికి విలాసము గాదు, ప్రాణరక్షణము. మౌంటెన్ సైకిలునకు పుట్టుకతోనే వచ్చిన సంప్రదాయమిది: చేతికి కావలసినదెల్ల చేతిక్రింద నుండవలెను. లాకౌటు మీట పిమ్మట హ్యాండిలు నెక్కుటకు హేతువును ఈ సంప్రదాయమునందే వెదుకవలెను.

ఆ కాలపు ఫోర్కులు కదలిక లేనివి. కుదుపునంతయు లావుటైరును, మోచేతులును భరింపవలసినదే. ముందుచక్రమును స్ప్రింగుపై నిలుపు విద్య మోటారుసైకిళ్లవారికి క్రొత్తది గాదు. ఒక గొట్టము మరియొక గొట్టములో జారుచు, లోపలి చమురు కుదుపును అణచు టెలిస్కోపిక్ ఫోర్కును బి.ఎం.డబ్ల్యు. కంపెనీ 1935లోనే తన ఆర్12 బండికి అమర్చెను. అర్ధశతాబ్దము గడచిన తరువాత, మోటోక్రాస్ పందెములలో మెకానిక్కుగా పనిచేసిన పాల్ టర్నర్ అనునతడు, మోటోక్రాస్ సస్పెన్షన్ నిర్మాణములో ఆరితేరిన స్టీవ్ సైమన్స్‌తో కలసి 1989లో రాక్‌షాక్స్ సంస్థను స్థాపించి, ఆర్ఎస్-1 అను ఫోర్కును సైకిళ్లకొరకు నిర్మించెను. దాని కదలిక 2 అంగుళములకు మించదు. ఇంత బరువును, ఇంత ధరయు సైకిలునకు అవసరమా యని శంకించినవారు పలువురు. అయితే 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రథమ ప్రపంచపోటీలలో గ్రెగ్ హెర్‌బోల్డ్ ఆ ఫోర్కుతో డౌన్‌హిల్ పందెమును గెలిచెను. రెండేండ్లకు రోడ్డుపందెములలో కెల్ల కర్కశమైన పారిస్–రూబే పందెమును, ముప్పదియేడేండ్ల వయసున జిల్బెర్ డ్యూక్లో-లసాల్ రాక్‌షాక్స్ ఫోర్కుతో రాళ్లదారులపై గెలిచెను. 1993లో తానే మరల గెలిచెను, 1994లో ఆంద్రేయ్ చ్మీల్ అట్టి ఫోర్కుతోనే గెలిచెను. వరుసగ మూడేండ్లు లభించిన ఈ జయముల పిదప ఫోర్కును ఎదిరించువారి వాదము బలహీనమయ్యెను.

అయినను ఎదిరించినవారి మాటలో ఒక సత్యము లేకపోలేదు. దిగుడులో మేలుచేయు స్ప్రింగు ఎక్కుడులో హానిచేయును. సీటునుండి లేచి, దేహభారమును పెడళ్లపై మోపి, హ్యాండిలును గట్టిగ లాగుచు ఎక్కువానికి, త్రొక్కిన ప్రతిసారియు ఫోర్కు క్రుంగి లేచుచుండును. కాళ్లబలములో కొంత చక్రమునకు చేరక ఫోర్కులోని చమురును వేడిచేయుటకు వ్యయమగును. ఆ నష్టము కొలతకు స్వల్పమే కావచ్చును గాని, మనస్సునకు మాత్రము కొండంతగా తోచును. ఈ ఊగుడును ఆపుటకే లాకౌటు పుట్టినది. ఫోర్కు కుడికాలిలో చమురునిండిన గదియు, దానిలో రంధ్రములుగల పిస్టనును ఉండును. ఫోర్కు క్రుంగవలెనన్న చమురు ఆ రంధ్రములగుండ పారవలెను. రంధ్రమును మూసివేసిన చమురునకు దారిలేదు, దారిలేనిచో క్రుంగుటకు వీలులేదు. అట్లు మూసియున్నప్పుడు పెద్దరాయి తగిలిన లోపలిభాగములు చెడకుండుటకు, మితిమించిన ఒత్తిడికి తనంత తెరచుకొను మరియొక ద్వారమును మంచి ఫోర్కులలో ఏర్పరతురు. ఈ మూయు తెరచు పనిని చేయునది ఫోర్కు తలమీద, అనగా రెండుకాళ్లను కలుపు క్రౌనుమీద, కుడివైపున నుండు నాబు. క్యానన్‌డేల్ కంపెనీవారి హెడ్‌షాక్‌లో స్ప్రింగును చమురును ఫ్రేము ముందుగొట్టములోనే ఇమిడ్చినందున, లాకౌటు నాబు హ్యాండిలు నడుమనే వెలసెను. నడుపువాని ఛాతీక్రిందనే యుండి సులభముగ అందెడి ఆ నాబును, ఆ కాలపు నిర్మాణములలో మిక్కిలి వివేకవంతమైనదిగ నేను గణింతును.

1996లో అట్లాంటా ఒలింపిక్సులలో క్రాస్‌కంట్రీ మౌంటెన్ సైకిలు పందెము ప్రవేశించెను. కాన్యర్స్‌లో జరిగిన ఆ పోటీలలో నెదర్లాండ్సు దేశీయుడు బార్ట్ బ్రెంట్యెన్స్‌కును, ఇటలీ దేశీయురాలు పావోలా పెజ్జోకును స్వర్ణపతకములు లభించినవి. పందెము పెద్దదైనకొలది క్షణముల విలువ పెరిగెను. పలువురు ఒక్కుమ్మడిగ బయలుదేరు ఆ పందెములో మొదటి నిమిషమున అందరును నిలుచుండియే త్రొక్కుదురు, ఇరుకుదారి మొదలగులోపల ముందుకు పోవలెను; ఆ సమయమున ఫోర్కు బిగిసియుండవలెను, దారిలో మొదటిరాయి కనబడగానే సడలవలెను. ఆ రెంటికిని నడుమ చేయి హ్యాండిలును విడుచుటకు అవకాశమెక్కడిది? కావున బౌడెన్ తీగ మరల పిలువబడెను. క్రౌనుమీది నాబును తీసివేసి, దానిచోట గాడిగల చిన్నచక్రమును పెట్టి, ఆ గాడిలో తీగకొనను బంధించి, రెండవకొనను హ్యాండిలుమీది మీటకు చేర్చిరి. మీట నొక్కిన తీగ చక్రమును త్రిప్పి చమురుదారిని మూయును. మీటను వదలిన, చక్రముక్రింద దాగిన స్ప్రింగు దానిని వెనుకకు త్రిప్పి దారిని తెరచును. రిమోటు లాకౌటు అనునది ఇదియే. పందెములలో పుట్టిన ఈ సౌకర్యము కొలదికాలములోనే అంగళ్లలోని మధ్యరకపు సైకిళ్లకును దిగెను. ముందువెనుకల రెండు షాకులను ఒక్క మీటతో బిగించు ట్విన్‌లాక్ అను దానిని స్కాట్ కంపెనీవారు రూపొందించిరి. తీగకు మారుగా చమురుగొట్టముతో పనిచేయు ఎక్స్‌లాక్‌ను రాక్‌షాక్స్‌వారు 2010 ప్రాంతమున తెచ్చిరి. క్యానన్‌డేల్‌వారు ఈ శతాబ్దారంభముననే తమ ఒంటికాలి ‘లెఫ్టీ’ ఫోర్కునకు విద్యుత్తుతో పనిచేయు మీటను సయితము పెట్టి చూచిరి.

ఇక్కడ ఒక్కమాట చెప్పవలసియున్నది. ఒలింపిక్ పందెగానికి న్యాయమైన అవసరము, ఆదివారము ఉదయము అనంతగిరి అడవిదారిలోనో, అరకు ఘాటులోనో తిరిగివచ్చు మనుష్యునకు అవసరమగునని అంగడివారు తలంచుటలో పొరపాటు కలదు. పందెగాడు ఒక్కచుట్టులో పలుమారులు ఫోర్కును బిగించి సడలించును. మనవాడు కొండక్రింద నొకసారి బిగించును, పైకి చేరి నీళ్లుత్రాగి, దిగబోవుటకు ముందు సడలించును. ఆగియే చేయు పనికి తీగ ఎందులకు?

పైగా ఈ తీగకు కొన్ని దౌర్భాగ్యములు కలవు. బ్రేకుతీగ లావు, గేరుతీగ సన్నము. లాకౌటునకు వాడునది గేరుతీగ మాదిరి సన్నపుదే. హ్యాండిలును క్రౌనును కలసియే తిరుగును గావున దానిదారి పొట్టిది; పొట్టిదారిలోనే నిట్టనిలువుగ వంపుతిరిగి క్రౌనులోనికి దిగవలెను గావున వంపు ఇరుకైనది; ఇరుకువంపులో రాపిడి అధికము. తొడుగుకొనలు ముందుచక్రము చిమ్ము బురదకు ఎదురుగనే యుండును. మన వర్షకాలము రెండు గడచునప్పటికి ఆ తొడుగులో ఎర్రమట్టి చేరి తుప్పుతో కలసి గడ్డకట్టును. మీట వదలినను చక్రముక్రింది బలహీనమైన స్ప్రింగు తీగను వెనుకకు ఈడ్వజాలదు. అప్పుడు ఫోర్కు సగము బిగిసి సగము సడలి, దిగుడులో మోచేతులకు దెబ్బకొట్టుచుండును. మీటలు చాలవరకు ప్లాస్టిక్కువి. ఒకసారి సైకిలు ప్రక్కకు పడిన విరుగుట కలదు. విరిగిన మీటకు జోడు వెదకబోయిన, ఆ నమూనా నిర్మాణము ఆగిపోయినదని వినవలసివచ్చును.

హ్యాండిలుమీది స్థలము విషయమును గమనింపదగినదే. 2012లో శ్రామ్ కంపెనీవారి ఎక్స్ఎక్స్1 వచ్చినది మొదలు ముందు పండ్లచక్రము ఒక్కటే చాలునను మతము బలపడి, ఎడమచేతి గేరుమీట తొలగెను. ఆ ఖాళీస్థలమునకు వారసుడుగ వచ్చినది సీటును దించి లేపు డ్రాపరు మీట. దీని పూర్వికుడు మరల జో బ్రీజే. 1980ల దశకములో ఆయన తన మిత్రునితో కలసి హైట్-రైట్ అను స్ప్రింగును సీటుకాలునకు బిగించు ఉపాయము పన్నెను. నడుపువాడు సీటుక్రిందికి చేయిచాచి బిగింపును వదిలి, దేహభారముతో సీటును దించి, మరల స్ప్రింగుబలముతో లేపుకొనవచ్చును. రాక్‌షాక్స్‌వారి రివర్బ్ 2010లో వచ్చినప్పటికి ఆ పని హ్యాండిలుమీది మీటకు మారినది. సీటును దించుట కొండదారిలో అడుగడుగునను కావలసిన పని. హ్యాండిలుమీద దానికి హక్కు కలదు. లాకౌటు మీట దానికి చోటిచ్చి తొలగుట సబబుగనే యున్నది.

తొలగించు విధానమును సమీపమునుండి చూచినగాని ఈ యంత్రముయొక్క నేర్పు బోధపడదు. ముందుగ తీగకొననున్న టోపీని కత్తిరించి, సన్నని అలెన్ కీతో చిన్నచక్రముపై తీగను పట్టియున్న మరను వదులుచేసిన, తీగ తొడుగుతో సహా ఊడివచ్చును. హ్యాండిలుమీది మీట పట్టీ విప్పిన అక్కడ చోటు ఖాళీయగును. తీగ ఊడిన తక్షణము చాలఫోర్కులలో స్ప్రింగు చక్రమును త్రిప్పి చమురుదారిని తెరచును, ఫోర్కు నిత్యము సడలియే యుండును. లాకౌటు అక్కరలేనివారు పని ఇంతటితో ముగింపవచ్చును. కొన్ని నిర్మాణములలో క్రమము తలక్రిందులు, తీగలేనిచో బిగిసిపోవును. కావున విప్పుటకు ముందే ఫోర్కుది ఏ జాతియో తెలిసికొనుట మేలు. చేతినాబు కావలెనన్నవారు చక్రము నడిమి మరను విప్పి, చక్రమును దానిక్రింది స్ప్రింగును మెల్లగ ఎత్తవలెను. ఆ స్ప్రింగు ఎగిరిపడిన దొరకుట కష్టము. రిమోటు నాబునకును చేతినాబునకును గల భేదము ఈ తావుననే యున్నది: మొదటిదానికి తిరిగివచ్చుట గుణము, రెండవదానికి నిలిచియుండుట గుణము. చేతినాబుక్రింద ఆవగింజలంతటి ఉక్కుగుండ్లు, వానిని పైకి ఒత్తు స్ప్రింగులును ఉండి, త్రిప్పిన ప్రతితావున టక్కుమని కూర్చుండి, నాబును అక్కడనే నిలుపును. తిరిగివచ్చు స్ప్రింగును తీయక పైన నాబు మాత్రము మార్చినవారికి, బిగించిన ఫోర్కు చేయితీయగానే సడలిపోవును. మార్పిడి విఫలమైనదని వాపోవువారి బాధకు తరచుగ మూలమిదియే.

కొన్నిటియందు నాబు, గుండ్లు, మర మార్చిన చాలును. రాక్‌షాక్స్‌వారి మోషన్ కంట్రోల్ వంటి నిర్మాణములలో రిమోటు పనిముట్టును నాబు పనిముట్టును వేరువేరుగ సమగ్రముగ అమ్ముదురు గావున, క్రౌనుమీది మూతను 24 మిల్లీమీటర్ల సాకెట్‌తో విప్పి, కాండమును పిస్టనును మొత్తముగ పైకి లాగి, చేతినాబుగల దానిని దింపవలెను. అట్లు చేయునపుడు సైకిలు నిలువుగ నుండిన చమురు కాలిలోనే నిలుచును. కొంచెము కాండమునకంటి పోయినదానిని నిర్మాత చెప్పిన మట్టమునకు, చెప్పిన రకపు చమురుతోనే పూరింపవలెను. మూత అల్యూమినియముది, బలప్రదర్శనముచేసి బిగించిన మరలు అరిగిపోవును. హైదరాబాదులోను విశాఖపట్టణములోను మధ్యరకపు సైకిళ్లపై తరచుగ కనబడు సన్‌టూర్ ఫోర్కులను మన మెకానిక్కులు ఇంతకంటె సరళముగ చక్కబెట్టుట కలదు. విడిభాగము దొరకనప్పుడు జానెడు తీగముక్కను చక్రమునకు బిగించి, దాని రెండవకొనను తొడుగు ఆనుచోటికి లాగికట్టి, ఫోర్కును ఒక్కస్థితిలో నిలుపుదురు. అందము లేదు గాని, ప్రయాణము ఆగదు.

మీట హ్యాండిలును విడిచి క్రిందికి దిగుచున్న ఈ కాలముననే, చేయినే అక్కరలేకుండ చేయవలెనను ప్రయత్నమును సాగుచున్నది. రాయి తగిలినప్పుడు తనంత తెరచుకొను బరువుగుండుగల కవాటమును 2003 ప్రాంతమున స్పెషలైజ్డ్ కంపెనీవారు ‘బ్రెయిన్’ అను పేర తమ ఎపిక్ సైకిలునకు పెట్టిరి. 2021లో రాక్‌షాక్స్‌వారు తెచ్చిన ఫ్లైట్ అటెండెంట్ దారిని, త్రొక్కుడును విద్యుత్సాధనములతో గ్రహించి, ఫోర్కును తానే బిగించి సడలించును. వాని ధర వానిని పందెగాండ్రకును సంపన్నులకును పరిమితము చేయుచున్నది.

చేతినాబునకు మరలినవారికి తీగ ఎన్నడును ఈయని లాభమొకటి దక్కుచున్నది. రిమోటు మీటకు సాధారణముగ రెండే స్థితులు: పూర్తిగ మూత, పూర్తిగ తెరపు. క్రౌనుమీది నాబు ఆ రెంటినడుమ ఎక్కడ కావలసిన అక్కడ నిలుచును. కంకరదారిలో కొంచెము బిగించి, ఇసుకలో సడలించి, బరువైన నడుపరియైన మరికొంత బిగించి, చమురుదారిని తనకు తగినంత తెరచుకొనవచ్చును. పాతనాబును మరల పెట్టించుకొనినవారిలో పలువురు లాకౌటును వాడుట మానివేసి, నాబును మూడవవంతు బిగించి, ఏడాది పొడుగునను అట్లే తిరుగుదురు.